మగ్గములు లేని వస్త్రగృహము

గుడ్లగూబల కొండలని జర్మనులు పేరిడిన పర్వతపంక్తి పాదమున, ఆనాటి ప్రష్యా రాజ్యములోని సిలీషియా మండలమందు, ఒక వాగు వెంట మైళ్లకొలది సాగి, మొదలెక్కడనో తుది యెక్కడనో బాటసారికి తెలియనీయని పల్లె యొకటి యుండెడిది. ‘పొడుగు’ అను విశేషణమును పేరులోనే ధరించిన ఆ లాంగెన్‌బీలౌ గ్రామమున 1805లో క్రిస్టియన్ గాట్‌లోబ్ డీరిగ్ అను నతడు వస్త్రవ్యాపారము నారంభించెను. రెండు శతాబ్దములు గడచినను, దేశము చీలి, ఊరు పరాధీనమై, యంత్రములన్నియు చేజారినను, ఆ వ్యాపారము నేటికిని అతని వంశీయుల పేరనే, అధికభాగము వారి చేతులలోనే, సాగుచున్నది. ఇంతటి దీర్ఘాయువు వర్తకకుటుంబములకు సులభలభ్యము గాదు. అయినను ఈ కుటుంబమును లోకము జ్ఞాపకముంచుకొన్నది దాని ఆయువును బట్టి గాదు, ఒక జూన్ నెల కొద్ది దినముల వృత్తాంతమును బట్టి.

ఆ వృత్తాంతము తెలియవలెనన్న ఆనాటి నేత ఎట్లు జరిగెడిదో ముందుగా తెలియవలెను. కార్ఖానా యన్నది అప్పటికి పేరునకే కార్ఖానా. మగ్గములు నేతగాండ్ర గుడిసెలలోనే యుండెడివి. వర్తకుడు నూలు తూచి యిచ్చును. నేతగాడు ఆలుబిడ్డలతో కూడి కండెలు చుట్టి, పడుగు సరిచేసి, నాడె యాడించి, తాను పూర్తికాగానే మూపున వేసికొని వర్తకుని లోగిలికి నడచి పోవును. అచ్చట గుమాస్తా గుడ్డను వెలుతురునకు పట్టి చూచి, ఇచ్చట పోగు తెగినదనియు, అచ్చట తూకము తగ్గినదనియు తప్పులు పట్టి, మజూరీలో కోత కోయును. మన చేనేత పేటలలో షావుకారు నూలును, మజూరీ లెక్కను ఎరిగినవారికి ఇందులో విడమరచి చెప్పవలసిన దేమియు లేదు. సిలీషియా నేతగానికి అదనముగా మరియొక భారముండెను: మగ్గము పెట్టుకొన్నందులకు భూస్వామికి పన్ను చెల్లింపవలెను. ఒక చేత వర్తకుడును, మరియొక చేత జమీందారును పట్టి లాగుచుండగా, నెపోలియను పతనానంతరము ఇంగ్లండు యంత్రపు నూలును, యంత్రపు గుడ్డయు ఐరోపా విపణులలో వెల్లువగా వచ్చిపడెను. వర్తకులు తమ లాభమును నిలుపుకొనుటకు ఎరిగిన ఉపాయము ఒక్కటే, మజూరీ తగ్గించుట. తగ్గిన మజూరీకి నేతగాడు ఎరిగిన ఉపాయమును ఒక్కటే, మరికొన్ని గడియలు నేయుట. అట్లు నేసిన అధికపు గుడ్డ మరల వెల తగ్గించుచుండెను.

1844 జూన్ 3వ తేదీన పొరుగున నున్న పీటర్స్‌వాల్డౌ గ్రామములో కొందరు నేతగాండ్రు స్వాన్‌సిగర్ సోదరులను వర్తకుల యింటి ముందుగా, వారి నిర్దయను నిందించు పాట నొకదానిని పాడుచు నడచిరి. వారిలో నొకని పట్టి బంధించిరి. మరునాడు జనము తిరిగి వచ్చి ఆ యింటిని, కొట్లను, లెక్క పుస్తకములను ధ్వంసము చేసెను. జూన్ 5న ఆ గుంపు లాంగెన్‌బీలౌ చేరి డీరిగ్ వారి వాకిట నిలిచెను. ఇంటివారు తలకింత యని డబ్బు పంచెదమని మాట యిచ్చిరి. ఆ పంపకమునకై జనము కాచుకొని యుండగనే సైనికులు వచ్చి తుపాకులు పేల్చిరి. పదునొకండుగురు చనిపోయిరి. కోపోద్రిక్తులైన జనులు రాళ్లతోను కర్రలతోను సైనికులను ఆ పూటకు వెనుకకు తరిమిరి. కాని మరునాడు ఫిరంగులతో కూడిన పెద్ద సైన్యము రాగా అలజడి అణగిపోయెను. పట్టుబడినవారికి చెరసాలయు, కొరడాదెబ్బలును దక్కినవి.

ఇంతకంటె ఘోరమైన తిరుగుబాటులు ఆ శతాబ్దమున ఎన్నియో జరిగి మరపున పడినవి. దీనిని బ్రతికించినది సాహిత్యము. విల్‌హెల్మ్ వుల్ఫ్ అను సిలీషియా రైతుబిడ్డ ఆ యేడే సవిస్తరమైన వ్యాసము వ్రాసెను. పారిసులో ప్రవాసముండిన హైన్రిష్ హైనె నెల తిరుగునప్పటికే ఈ నేతగాండ్ర శాపమును కవితగా మలచి పత్రికకెక్కించెను. పదిమంది యెదుట దానిని చదువుట ప్రష్యాలో దండనార్హమయ్యెను. అర్ధశతాబ్దము తరువాత గెర్‌హార్ట్ హౌప్ట్‌మన్, తన తాత మగ్గము ముందు కూర్చుండిన కథలను తండ్రి నోట విని పెరిగినవాడు, ‘డీ వేబర్’ అను నాటకమును రచించెను. పోలీసులు నిషేధింపగా 1893లో బెర్లినున సభ్యులకు మాత్రమే పరిమితమైన ప్రదర్శన జరిగెను. మరుసటి యేట బహిరంగముగా ఆడినప్పుడు కైసరు చక్రవర్తి కోపించి ఆ నాట్యశాలలోని తన ఆసనములను వదలుకొనెను. నాటకమున మొదటి యంకమంతయు గుడ్డ అప్పగించు గదిలోనే గడచును. తప్పులు పట్టు గుమాస్తా కూడ ఒకప్పటి నేతగాడే యగుట హౌప్ట్‌మన్ చేసిన గొప్ప కల్పన యని నా అభిప్రాయము. ఏలయన, కోత కోయు చేయి ఎప్పుడును పరాయి వానిది గాదు. డీరిగ్ పేరు నాటకములో డిట్రిష్‌గా మారినది. తుది యంకమున, తిరుగుబాటులో కలియనని మొండికేసి కిటికీ దగ్గర మగ్గము విడువని వృద్ధ హిల్సె దారితప్పిన తూటాకు నేలకొరుగును. ఆ తొలి ప్రదర్శనను చూచిన యువ చిత్రకారిణి కేథె కోల్‌విట్స్ ఆరు చిత్రముల వరుసను రూపొందించినది. 1898లో దానికి పతకమీయవలెనని సిఫార్సు రాగా, కాదన్నవాడు ఆ కైసరే.

డీరిగ్ వారు మాత్రము నేయించుచునే యుండిరి. చేమగ్గముల స్థానమున ఆవిరిమగ్గములు వచ్చినవి. ఆ పల్లె పొగగొట్టముల ఊరయ్యెను. రెండు మహాయుద్ధముల నడిమి కాలమున జర్మనీ పశ్చిమభాగములోని మిల్లులను సైతము చేజిక్కించుకొని సంస్థ ఐరోపాలోని పెద్ద నూలువస్త్ర సంస్థలలో నొకటిగా ఎదిగెను. కుటుంబములోని గాట్‌ఫ్రీడ్ డీరిగ్ హిట్లరు ప్రభుత్వకాలమున జర్మన్ పరిశ్రమల అధికార సంఘమునకు కొంతకాలము అధ్యక్షుడయ్యెను. ఈ విషయమును దాటవేసి వంశచరిత్ర చెప్పుట న్యాయము గాదు. యుద్ధపు తుది సంవత్సరములలో ఆ లాంగెన్‌బీలౌలోనే గ్రోస్‌రోజెన్ నిర్బంధ శిబిరమునకు శాఖలు వెలసినవి.

1945లో సిలీషియా పోలండునకు పోయెను. లాంగెన్‌బీలౌ బియెలావా అయ్యెను, జర్మనులు వెడలగొట్టబడిరి, మిల్లులు పోలిష్ ప్రభుత్వపరమై చాలకాలము గుడ్డ నేసి, అవియు తుదకు మూతపడెను. పుట్టిన యూరు కోల్పోయిన డీరిగ్ కుటుంబమునకు పశ్చిమమున ముందుగా కొనిపెట్టుకొన్న మిల్లులే శరణ్యమైనవి. దక్షిణ జర్మనీలోని ఆగ్స్‌బర్గు సంస్థకు కేంద్రమయ్యెను.

ఇంత తగిన ఆశ్రయము దొరకుట యాదృచ్ఛికమే కావచ్చును గాని చిత్రమైనది. 1367లో హాన్స్ ఫుగ్గర్ అను పల్లెటూరి నేతగాడు ఈ నగరమునకే వచ్చి స్థిరపడగా, అతని సంతతి చక్రవర్తులకు అప్పులిచ్చు శ్రీమంతులైరి. వారు బీదలకై కట్టించిన ఇండ్లపేటలో నేటికిని సాలుకు యూరో యైనను పట్టని అద్దెకు జనులు కాపురముందురు. నేతగాండ్ర తిరుగుబాటు కూడ ఈ నగరమునకు కొత్త గాదు. సిలీషియా కంటె అర్ధశతాబ్దము ముందు, 1794లో, ఆగ్స్‌బర్గు సాలెవారు వీథికెక్కిరి. వారి కడుపుమంటకు కారణము మన దేశపు గుడ్డ: తూర్పిండియా కంపెనీల ఓడలలో వచ్చిన తెల్లని నూలుబట్టను చౌకగా కొని, దానిపై అద్దకము వేసి అమ్ముచు షూలె మొదలగు అద్దకపు వర్తకులు ధనవంతులగుచుండగా, స్థానికులు నేసిన బట్ట కొనువాడు లేకపోయెను. తరువాతి శతాబ్దమున ఇంగ్లండు యంత్రపు గుడ్డ దిగి మన సాలెవాని మగ్గమును మూయించినదని మనము చదువుకొంటిమి. అంతకు మునుపు మన గుడ్డ పోయి పరదేశపు సాలెవాని మగ్గమును మూయించినదని తక్కువగా చదువుకొంటిమి.

యుద్ధానంతర సమృద్ధిలో జర్మన్ పడకగదులకు దుప్పట్లు, దిండుగలీబులు నేసి డీరిగ్ వారు మరల కుదురుకొనిరి. ‘ఫ్లోయ్‌రెస్’ అను వారి మార్కు ఇంటింట తెలిసిన పేరయ్యెను. ఆసియా నుండి వచ్చు గుడ్డ వెల ముందు జర్మన్ మిల్లులు వరుసగా మూతపడిన దశకములలో వారు చేసిన లెక్క విచిత్రమైనది. మగ్గములు పోయినను గోడలున్నవి. నగరము నడుమ విశాలమైన నేల యున్నది. నేత ఆపివేసి మిల్లు భవనములను కార్యాలయములకు, దుకాణములకు అద్దెకిచ్చుట మొదలిడిరి. గుడ్డను ఇతరుల చేత నేయించి అమ్మసాగిరి. పరుల చేత నేయించుటయే గదా క్రిస్టియన్ గాట్‌లోబ్ నాటి వృత్తియు! పొగగొట్టముల శకము ముగిసి, కుటుంబము తన తొలి వర్తకమునకే మరలి వచ్చినట్లయినది. ఆగ్స్‌బర్గులో నేతను చూడగోరువారు 2010లో పాత ఉన్నిమిల్లులో తెరచిన వస్త్రప్రదర్శనశాలకు పోవలెను. అచ్చట మగ్గములు సందర్శకుల కొరకు నడచును.

ఈ సంస్థ అమ్ము సరకులలో దుప్పట్ల కంటె నా మనస్సును పట్టినది మరియొకటి కలదు. పశ్చిమాఫ్రికాలో పండుగలకు, పెండ్లిండ్లకు ధరించు విశాలమైన అంగీలకై కావలసిన దమాస్కు గుడ్డ, నేతలోనే పూలు, లతలు తేలు మెరపు గుడ్డ, డీరిగ్ వారి ఎగుమతులలో నొకటి. ఒకప్పుడు సిలీషియా అవిసెనార గుడ్డ సముద్రములు దాటి, అమెరికా తోటలలో బానిసలైన ఆఫ్రికనులకు ముతక వస్త్రమైనది. నేడు జర్మనీ నుండి పోవు గుడ్డ ఆఫ్రికాలో శ్రీమంతుల పండుగ వస్త్రము. మాలీ రాజధాని బమాకోలో అట్టి గుడ్డను తెల్లగా దింపుకొని, గాఢమైన రంగులలో ముంచి ఆరవేసి, మరల గంజి పెట్టి, ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి బరువైన కొయ్యసుత్తులతో లయ తప్పక గంటల తరబడి మోదుదురు. అద్దమువలె తళతళలాడువరకు ఆ మోత ఆగదు.