డాక్టరు గారు నోటితో చెప్పిన మందు – ఇంటివారి బాధ్యత

రోగిని చూపించుకొని బయటకు వచ్చేటప్పుడు మన చేతిలో మందుల చీటీ ఉంటుంది. చీటీలో రాసినవి ఎప్పుడు వేయాలో షాపువారు కవరు మీద గుర్తు పెట్టి ఇస్తారు. అయితే డాక్టరు గారు చివర్లో నోటితో ఒక మాట కూడా చెప్పి ఉంటారు: "జ్వరం వస్తే పారాసిటమాల్ వేయండి, ఓ.ఆర్.ఎస్. తాగించండి, నొప్పి గోలీలు మాత్రం వద్దు." కోటపల్లి బస్సు ఎక్కేసరికి ఆ మాట సగం మరచిపోతాము. రాత్రి రోగి మూలుగుతుంటే కిరాణా కొట్టులో దొరికిన గోలీ ఏదో తెచ్చి వేస్తాము.

చీటీ లేకుండా దొరికే గోలీకి కూడా మోతాదు ఉంది, వేళ ఉంది, అది పడనివారు ఉన్నారు. కాబట్టి గదిలో ఉండగానే ఈ ఐదు విషయాలు అడిగి చీటీ వెనుక రాయించుకోండి:

1. ఏ మందు, ఎన్ని మి.గ్రా.?
2. ఎన్ని గంటలకు ఒకసారి?
3. రోజుకు ఎన్నింటికి మించరాదు?
4. ఎన్ని రోజులు?
5. ఏ గోలీలు వేయకూడదు?

చదువు రానివారు విన్నదాన్ని సిస్టరు గారికి తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. రోగి ఇంతకుముందే వాడుతున్న బి.పి., షుగరు, గుండె మందులు, ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చిన గోలీలు, పసరు మందులు దాచకుండా చెప్పాలి.

పారాసిటమాల్

పెద్దవారికి సాధారణంగా 500 లేదా 650 మి.గ్రా. గోలీ ఒకటి వేస్తారు. మళ్లీ వేయడానికి 4 నుండి 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో మొత్తం 4,000 మి.గ్రా. దాటరాదు. కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి, బాగా బక్కచిక్కినవారికి ఇంకా తక్కువ సరిపోతుంది. జలుబు గోలీలు చాలావాటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ వేస్తే ఒకే మందు రెండింతలు పడినట్లే. అందుకే పెద్ద అక్షరాల పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివించుకోండి. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. మొదటి రోజు రోగి బాగానే కనిపించవచ్చు. అయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

నొప్పి గోలీలు

పత్తి ఏరి వచ్చిన నడుము నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోవడం మన దగ్గర మామూలే. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి, గర్భిణులకు డాక్టరు గారిని అడగకుండా ఇవి ఇవ్వకండి. వానాకాలం జ్వరాల్లో మరింత జాగ్రత్త అవసరం. అది డెంగీ అయితే ఈ గోలీల వల్ల రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. డెంగీ కాదని తేలేవరకు వీటిని, ఆస్పిరిన్‌ను ముట్టవద్దు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు మాత్రం సొంతంగా మానేయకుండా వెంటనే డాక్టరు గారిని అడగాలి.

పిల్లల మందులు

పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పారాసిటమాల్ డ్రాప్స్ సాధారణంగా 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అయితే 5 మి.లీ.లో 120 లేదా 250 మి.గ్రా. ఉంటుంది. సిరప్ లెక్కన డ్రాప్స్ పోస్తే మందు రెండు నుండి నాలుగు రెట్లు పడుతుంది. ఇంటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన కొలత మూతనే వాడండి. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వవద్దని సూచించింది.

ఓ.ఆర్.ఎస్.

లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడిని ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెంగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

గోడ క్యాలెండరే లెక్క పుస్తకం

గోలీ వేయగానే ఆనాటి తేదీ గడిలో గంట రాయండి. అప్పుడు పొద్దున కోడలు వేసిన గోలీని మళ్లీ అత్తమ్మ వేయదు.

ఎప్పుడు వెంటనే తీసుకురావాలి?

జ్వరం రెండు రోజులు దాటినా, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, నల్లటి విరేచనం, మగత కనిపించినా ఆలస్యం చేయకండి. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ఈ లక్షణాలు బయటపడతాయి. జ్వరం తగ్గింది కదా అని రోగిని ఒంటరిగా వదిలి చేనుకు పోవద్దు.

మళ్లీ ఆసుపత్రికి వచ్చేటప్పుడు చీటీతోపాటు ఇంట్లో వేసిన గోలీల పట్టీలన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకొని రండి. రోగి లోపలికి ఏ మందులు వెళ్లాయో వాటిని చూస్తే డాక్టరు గారికి తెలుస్తుంది.