మీకు తెలుసా? ఒకే ఊరి నుంచి ఇద్దరు కేంద్ర మంత్రులు!

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం దాటి, వరిచేలు, కొబ్బరితోటల మధ్య సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు మొగల్తూరు. వెండితెర మీద వెలిగి, ఢిల్లీలో కేంద్ర మంత్రులుగా పనిచేసిన ఇద్దరు ఈ మట్టిలోనే పుట్టారు.

● ఉప్పలపాటి కృష్ణంరాజు 1940 జనవరి 20న పుట్టారు. 1966లో ‘చిలకా గోరింకా’తో తెరపైకి వచ్చారు. ‘అమరదీపం’కు ఉత్తమ నటుడిగా నంది అందుకున్నారు.

● రాజకీయాల్లోకి వచ్చి 1991 లోక్‌సభ ఎన్నికల్లో నరసాపురంలో ఓడినా వెనకడుగు వేయలేదు. 1998లో కాకినాడ నుంచి, 1999లో సొంతగడ్డ నరసాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు.

● వాజ్‌పేయి ప్రభుత్వంలో సహాయ మంత్రిగా విదేశీ వ్యవహారాలు, రక్షణ, ఆహారం–వినియోగదారుల వ్యవహారాలు, గ్రామీణాభివృద్ధి శాఖలు చూశారు.

● 1955లో ఇదే ఊళ్లో పుట్టిన చిరంజీవి 2012లో కేంద్ర పర్యాటక శాఖకు స్వతంత్ర హోదా సహాయ మంత్రి అయ్యారు. ఈ ఊరిబిడ్డలిద్దరూ 1978లో ‘మన ఊరి పాండవులు’లో కలిసి నటించారు. చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం పార్టీ తరఫున 2009లో కృష్ణంరాజు రాజమండ్రిలో పోటీ చేశారు.

● 2022 సెప్టెంబరు 11న కృష్ణంరాజు కన్నుమూశారు. అదే నెలలో మొగల్తూరులో సంస్మరణ సభ జరిగింది. తమ్ముడి కొడుకు ప్రభాస్ వచ్చారు. తరలివచ్చిన జనానికి కడుపునిండా భోజనం పెట్టారు. ఎంత ఎత్తుకు ఎదిగినా ఊరితో పేగుబంధం తెగదనడానికి ఆ విస్తళ్లే సాక్ష్యం.