ఫైబర్‌గ్లాస్ సబ్‌వూఫర్ పెట్టె

సబ్‌వూఫర్ పెట్టె అనగా సుమారు 20 నుండి 100 హెర్ట్జ్‌ల మధ్యగల మంద్ర ధ్వనులను వెలువరించే స్పీకరును బిగించే పెట్టె. కారు డిక్కీ వంపులలో చక్కగా ఇమిడేందుకు దీనిని గాజునార, రెజిన్‌లతో తయారు చేస్తారు.

పెట్టె అవసరం

స్పీకరు పొర ముందుకు కదిలినపుడు ముందువైపు గాలి ఒత్తిడి పెరిగి, వెనుకవైపు తగ్గుతుంది. ఈ రెండు తరంగాలు కలిసినచో మంద్ర ధ్వని క్షీణిస్తుంది. పెట్టె వాటిని వేరుచేస్తుంది.

తయారీ విధానం

1. డిక్కీ మూలను మాస్కింగ్ టేపుతో కప్పి, దానిపై మైనం పూస్తారు.
2. రెజిన్‌తో తడిపిన గాజునార పొరలను పరచి, గట్టిపడిన తరువాత వెలుపలికి తీసి మరికొన్ని పొరలు వేస్తారు.
3. స్పీకరు కొరకు చెక్క వలయాన్ని అమర్చి, పైన సాగే గుడ్డను బిగించి రెజిన్ పట్టిస్తారు. అది గట్టిపడ్డాక మరల గాజునార పొరలు వేస్తారు.
4. లోపల జొన్నలు నింపి, వాటిని లీటరు పాత్రతో కొలిచినచో ఘనపరిమాణం తెలుస్తుంది. ఎక్కువైనచో చెక్కముక్కలు అతికించి తగ్గించవచ్చు.

జాగ్రత్తలు

పాలియెస్టర్ రెజిన్‌లో మొదట కోబాల్ట్ ద్రావణాన్ని బాగా కలిపి, పిదపనే పెరాక్సైడ్‌ను చేర్చాలి. ఈ రెండింటినీ నేరుగా కలిపినచో పేలుడు సంభవించవచ్చు. పెరాక్సైడ్ కంటిలో పడితే చూపు పోయే ప్రమాదమున్నది. వెంటనే నీటితో బాగా కడిగి వైద్యుని సంప్రదించాలి.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అట్టి వేడిలో రెజిన్ త్వరగా గట్టిపడుతుంది. ఎక్కువ మొత్తం ఒకేసారి కలిపితే పాత్రలోనే కాగి పొగలు వెలువడతాయి. కనుక ఉదయం వేళ, కొద్దికొద్దిగా కలుపుకొని, గాలి ఆడే చోట తగిన ముసుగు, కళ్ళద్దాలు, చేతితొడుగులు ధరించి పనిచేయాలి.