బొల్లారం రోడ్డు మీద ఒక తెల్ల గ్లౌజు

1983 నవంబరు 20. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చికి పోయే దారి పక్కన మా అమ్మ రెండు గంటలు నిలబడింది. బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన 36వ పెళ్లిరోజున ప్రార్థనకు అక్కడికే వచ్చింది. అమ్మకు కనబడిందల్లా కారు అద్దం వెనక ఒక టోపీ, ఊగుతున్న తెల్ల గ్లౌజు. గౌను ఏ రంగన్న దగ్గర అమ్మకూ చిన్నమ్మకూ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

అమ్మ బ్లౌజులు కుట్టేది. అందుకే రాణి బట్టల ముచ్చట్లు చదివి వినిపిస్తే పని ఆపి మరీ వింటుంది. గుంపులో ఎక్కడో వెనక నిలబడ్డవాళ్ల కంటికీ ఆనాలని రాణి ఎప్పుడూ కొట్టొచ్చే రంగులే వేసుకునేది. వానొస్తే పట్టుకునే గొడుగు కూడా మొహం దాచనిది, అద్దంలా ఇవతలికి కనబడేదే. గాలికి గౌను లేవకుండా అంచు మడతలో చిన్న చిన్న బరువులు పెట్టి కుట్టేవారట. “చీరకు ఫాల్ ఎయ్యమా మనం? గదే ఇది” అని తేల్చేసింది అమ్మ.

సింహాసనం మీదున్న మనిషి రాజకీయం మాట్లాడకూడదు, ఓటు కూడా వేయదు. ఎలిజబెత్ 70 ఏళ్లు చేసిన కొలువు అది. ఇక చెప్పాల్సింది బట్టలు, నగలు, చేతులే చెప్పాలి. ఆ రాజుల ఇంటి ఆడవాళ్లంటే జనానికి మోజు తీరకపోవడానికి అందమూ డబ్బూ కారణమంటారు. నాకైతే ఈ మూగ సైగల్ని చదవడంలో ఉన్న సరదానే పెద్దదనిపిస్తుంది.

రాణి కోడలు డయానా గ్లౌజులు పక్కన పడేసింది. 1987 ఏప్రిల్‌లో లండన్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ఎయిడ్స్ వార్డు ప్రారంభించడానికి వెళ్లి, ఒక రోగికి ఉత్త చెయ్యి అందించింది. ముట్టుకుంటే అంటుకుంటుందని చదువుకున్నవాళ్లే జంకుతున్న రోజులు. ఫొటోలో తన మొహం పడకూడదన్నాడు ఆ రోగి. కెమెరాకు చిక్కింది అతని వీపూ, కలిసిన చేతులూ. కుష్ఠు రోగుల చేతులూ ఆమె అలాగే పట్టుకుంది. 1997 జనవరిలో మొహానికి అడ్డు కట్టుకుని అంగోలా మందుపాతరల నేలలో నడిచింది. ఆగస్టు 31న పారిస్‌లో పోయింది. డిసెంబరులో ఒట్టావాలో మందుపాతరల నిషేధ ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టాయి. అదంతా ఆమె చలవేనంటే, ఏళ్లుగా ఆ పని మీదే తిరిగినవాళ్లకు అన్యాయం చేసినట్టే. కానీ మా ఇంట్లో మందుపాతరల మాట మొదట వినబడింది మాత్రం ఆమె అంగోలా ఫొటో చూసిన రోజే.

హైదరాబాదుకూ ఈ కథలో వాటా ఉంది. 1947లో ఎలిజబెత్ పెళ్లికి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, కార్టియే నగల దుకాణంలో నచ్చినవి ఏరుకోమన్నాడు. ఆమె ఒక వజ్రాల హారం, తలకు పెట్టుకునే టియారా ఎంచుకుంది. అదే పెళ్లికి గాంధీజీ పంపింది తాను వడికిన నూలుతో అల్లిన గుడ్డ! టియారాను 1973లో విప్పేసి, ఆ వజ్రాలతో మరొకటి చేయించుకున్నారు. హారం మాత్రం నిలిచింది. 2014లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ విందుకు రాణి మనవడి భార్య కేట్ మెడలో కనిపించింది.

ఆ విందు ఫొటో ఫోన్‌లో అమ్మకు చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి, కళ్లద్దాలు సవరించుకుని చూసింది.

“నెక్లెస్ మంచిగనే ఉన్నది గానీ, గీ మెడ కట్ చేసినోళ్లు పనిమంతులే” అంది.