జనవరి బిడ్డ, డిసెంబరు బిడ్డ

అమెరికాలో వేసవి సెలవులు దగ్గరపడే మే, జూన్ నెలలలో ఊరూరా సాకర్ క్లబ్బుల ఎంపికలు జరుగుతాయి. పిల్లల భాషలో వీటి పేరు ట్రయౌట్లు. తొమ్మిది పదేళ్ళ పిల్లలు చొక్కాకు నంబరు కాగితం అంటించుకుని గంటన్నరసేపు పచ్చిక మీద పరుగెడతారు. ఇద్దరు ముగ్గురు కోచ్‌లు పక్కన నిలబడి అట్ట మీది కాగితాలలో గుర్తులు పెట్టుకుంటారు. మడతకుర్చీలలో కూర్చున్న తల్లిదండ్రులు మాటలు మాని చూస్తుంటారు. కొద్దిరోజులకు ఫలితం తెలుస్తుంది: మొదటి జట్టు, రెండవ జట్టు, లేదా వచ్చే ఏడు మళ్ళీ రమ్మనే మర్యాద వాక్యం. శనివారం ఉదయాలను ఈ మైదానాలకు అప్పగించిన తెలుగు కుటుంబాలు నేడు తక్కువేమీ కావు. స్పెల్లింగు పోటీలో ఓడిన పిల్లవాడికి ఏ అక్షరం దగ్గర తప్పాడో తెలుస్తుంది. సాకర్ ఎంపికలో తప్పిపోయిన పిల్లవాడికి మాత్రం తనకు ఆట రాదన్న ఒక్క అర్థమే మిగులుతుంది. ఆ అర్థం చాలాసార్లు తప్పు. కోచ్ ఆటను కొలిచాననుకుంటాడు గాని, ఆయనకు తెలియకుండానే ఆ పిల్లవాడు పుట్టిన నెలను కూడా కొలిచి ఉంటాడు.

ఈ సంగతి మొదట వెలుగులోకి వచ్చింది సాకర్‌లో కాదు, ఐస్ హాకీలో. 1980 దశకం నడిమిలో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ పట్టణంలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు భార్య పౌలాతో కలసి యువకుల హాకీ పోటీ చూడడానికి వెళ్ళాడు. చేతికిచ్చిన కార్యక్రమ పత్రంలో ఆటగాళ్ళ పుట్టినతేదీలు చదువుతూ, వీరిలో ఇంతమంది జనవరి, ఫిబ్రవరి, మార్చిలలోనే ఎందుకు పుట్టారని ఆమె అడిగింది. ఆ ప్రశ్న వెంటపడి ఆయన లీగుల జాబితాలన్నీ తిరగేశాడు. మేటి యువ ఆటగాళ్ళలో నూటికి సుమారు నలభైమంది సంవత్సరపు తొలి మూడు నెలలలో పుట్టినవారు. చివరి మూడు నెలలవారు పదిమందికి మించలేదు. ఈ పరిశోధన 1985లో అచ్చయింది. 1992లో ఆయన బృందమే ఫుట్‌బాల్ ఆటగాళ్ళలోనూ ఇదే తీరును చూపింది. శాస్త్రజ్ఞులు దీనిని "రెలెటివ్ ఏజ్ ఎఫెక్ట్" అంటారు. తెలుగులో సాపేక్ష వయోప్రభావం అనుకోవచ్చు.

కారణం చిన్నదే. పిల్లల జట్లను ఏడాదివారీగా విడదీయడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. జనవరి 1న గీత గీస్తే, ఆ రోజున పుట్టిన పిల్లవాడు, అదే ఏడు డిసెంబరు 31న పుట్టిన పిల్లవాడు ఒకే జట్టుకు పోటీపడతారు. మొదటివాడికి పదేళ్ళు నిండిన నాడు రెండవవాడికి తొమ్మిదేళ్ళు నిండి ఒక్కరోజు. పెద్దవారికి ఏడాది తేడా లెక్కలోనిది కాదు. పదేళ్ళవాడికి అది బతికిన బతుకులో పదోవంతు. ఆ వయసులో పిల్లలు ఏటా ఇంచుమించు అయిదు సెంటీమీటర్లు పెరుగుతారు. అంత పొడవు, దానికి తగిన బరువు, ఒక ఏడాది అదనపు అనుభవం, చెప్పినమాటను కాస్త ఎక్కువసేపు మనసున నిలుపుకునే శక్తి – ఇవన్నీ కలిసి మైదానం అంచున నిలబడినవారికి "సహజ ప్రతిభ"గా కనిపిస్తాయి.

నెలను బట్టి అదృష్టం అనగానే మనవారికి జాతకచక్రం గుర్తుకు రావడం సహజం. శీతకాలంలో పుట్టిన బిడ్డలు గట్టివారని వాదించేవారూ ఉంటారు. ఈ రెండింటికీ తావులేదని వేరువేరు దేశాల లెక్కలు తేల్చాయి. జపానులో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఆటల గీతా అక్కడే. అక్కడి మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఏప్రిల్, మే, జూన్ నెలలవారిదే పైచేయి. ఆస్ట్రేలియాలో 1988లో ఆ గీతను జనవరి నుండి ఆగస్టుకు మార్చారు. కొన్నేళ్ళకు అక్కడి "ప్రతిభావంతుల" పుట్టిన నెలలు కూడా ఆ వైపుకు జరిగాయి. బెల్జియంలో 1997లో ఆగస్టు 1 నుండి జనవరి 1కి మార్చారు. వెర్నర్ హెల్సెన్ అనే పరిశోధకుడు ఆ మార్పును గమనించి 2000లో ఫలితాలు ప్రకటించాడు. నిన్నటివరకు ఆశాజనకులుగా ఎంపికైన ఆగస్టు, సెప్టెంబరు బిడ్డల స్థానాలను ఏడాది తిరగకముందే జనవరి, ఫిబ్రవరి బిడ్డలు ఆక్రమించారు. గ్రహాలు కదలలేదు. కార్యాలయంలో ఒక నిబంధన మారింది, అంతే.

అయితే ఏడాది తేడా వయసు పెరిగేకొద్దీ కరిగిపోవాలి కదా, ఇరవయ్యేళ్ళవారిలోనూ ఈ తీరు ఎందుకు మిగిలి ఉంటున్నది? క్లబ్బుల పాత్ర మొదలయ్యేది ఇక్కడే. పదేళ్ళకు మొదటి జట్టులో చేరినవాడికి అనుభవజ్ఞుడైన కోచ్, వారానికి మూడు అభ్యాసాలు, మంచి పచ్చిక, గట్టి ప్రత్యర్థులు లభిస్తారు. రెండవ జట్టువాడికి వీటిలో సగం దక్కితే గొప్ప. రెండేళ్ళు తిరిగేసరికి మొదటివాడు నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు. ఆనాడు ఎంపిక చేసినవారు తమ చూపు ఎంత నిశితమోనని సంతోషిస్తారు. రసాయన శాస్త్రంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. సోడియం క్లోరేట్ ద్రావణాన్ని కదలకుండా ఉంచి స్ఫటికాలు కట్టనిస్తే, అద్దంలో బింబ ప్రతిబింబాల వంటి కుడి, ఎడమ రూపాలు ఇంచుమించు సమంగా వస్తాయి. అదే ద్రావణాన్ని కలుపుతూ ఉంటే దాదాపు అన్నీ ఒకే రూపం దాలుస్తాయి. మొట్టమొదట పుట్టిన స్ఫటికం నుండి రాలిన రేణువులే మిగిలినవాటికి బీజాలవుతాయి. వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన దిలీప్ కొండేపూడి, ఆయన సహచరులు 1990లో దీనిని నిరూపించారు. మొదటి స్ఫటికానిది గొప్పతనం కాదు, ముందుతనం. క్లబ్బు ఆ ద్రావణాన్ని కలిపే కడ్డీ వంటిది.

పుట్టినతేదీకి తోడు శరీరంలో మరొక గడియారమూ నడుస్తుంది. రెండింటినీ ఒకటిగా భావించకూడదు. ఆడపిల్లలు సగటున పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగేళ్ళ ప్రాంతంలో అతివేగంగా పొడవెదుగుతారు. మగపిల్లలలో ఆ ఏడాది ఎదుగుదల తొమ్మిది పది సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు. కొందరికి ఈ ఘట్టం రెండేళ్ళు ముందుగా, కొందరికి రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. ఒకే రోజున పుట్టిన ఇద్దరు పదమూడేళ్ళ బాలుర ఎముకల వయసులో నాలుగేళ్ళ తేడా ఉండడం వింత కాదు. ఒకడు గడ్డం గీసుకుంటూ ఉంటాడు, రెండవవాడి గొంతైనా మారి ఉండదు. బాలుర ఫుట్‌బాల్‌లో బలం, వేగం ఈ దశలో ఎంపికను శాసిస్తాయి. బాలికలలో సాపేక్ష వయోప్రభావం ఇంతకంటె బలహీనం. పొడవెదిగే నెలలలో కాళ్ళు చేతులు కొత్త కొలతకు అలవాటుపడక, నిన్నటి నేర్పరి నేడు తడబడడం కూడా కద్దు. మోకాలి కింద, మడమ వెనుక నొప్పులు వచ్చేదీ అప్పుడే. అది తెలియని కోచ్ అతడిని సోమరి అనుకుంటాడు.

ఇంగ్లండులో బడికీ ఆటకూ గీత సెప్టెంబరు 1. హ్యారీ కేన్ పుట్టింది 1993 జూలై 28న. అంటే తన జట్టులో అందరికంటె చిన్నవాళ్ళలో ఒకడు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో ఆర్సెనల్ క్లబ్బు అతడిని ఒక్క ఏడాది ఉంచుకుని వదలివేసింది. అతడు 2018 ప్రపంచకప్పులో అందరికంటె ఎక్కువ గోల్స్ చేశాడు. 2023లో ఇంగ్లండు చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసినవాడయ్యాడు. ఒక్కడి కథతో సిద్ధాంతం నిలవదు నిజమే. కాని వదలివేసిన తరువాత మరొక క్లబ్బు తలుపు తెరిచింది కాబట్టే ఈ కథ ఉంది. తలుపు తెరుచుకోనివారి కథలు ఎవరికీ తెలియవు.

విరుగుడు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో డేవిడ్ మాన్ అనే పరిశోధకుడు తన సహచరురాలితో కలిసి చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. పదకొండేళ్ళలోపు బాలుర ఆటలను పి.ఎస్.వి. ఐండ్‌హోవెన్ క్లబ్బు పరిశీలకులకు చూపించి ప్రతిభను అంచనా కట్టమన్నారు. ఏమీ చెప్పనప్పుడు వారు పెద్దపిల్లల వైపే మొగ్గారు. పుట్టినతేదీల జాబితా చేతికిచ్చినా మొగ్గు పోలేదు. చొక్కాల మీది నంబర్లనే వయసు వరుసలో వేసినప్పుడు మాత్రం ఆ మొగ్గు మాయమైంది. కాగితం మీద తెలిసినది కంటికి తెలియలేదన్నమాట; నంబరు చూసినప్పుడే తెలిసింది. ఇంత చవకైన ఉపాయాన్ని ప్రతి ఊరి క్లబ్బూ ఎందుకు చేపట్టదో అర్థం కాదు.

రెండవ ఉపాయం పుట్టినతేదీని పక్కనపెట్టి ఎదుగుదలను బట్టి జట్లు కట్టడం. 2015లో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ పదకొండు నుండి పద్నాలుగేళ్ళ బాలురతో ఇట్లాంటి పోటీ నడిపింది. పెద్దయ్యాక చేరగల పొడవులో 85 నుండి 90 శాతం చేరినవారందరూ ఒక వర్గం. ముందుగా ఎదిగిన పిల్లలు తోసుకుపోవడం కుదరక బంతిని ఆలోచించి అందించవలసి వచ్చిందన్నారు. ఆలస్యంగా ఎదిగేవారు నాయకత్వం వహించే అవకాశం తమకు ఇన్నాళ్ళకు దొరికిందన్నారు. ఇక్కడ మన కుటుంబాలు గమనించదగిన ఒక హెచ్చరిక ఉంది. పెద్దయ్యాక ఎంత పొడవు అవుతాడో చెప్పడానికి తరచుగా వాడే ఖామిస్-రోష్ సూత్రం పిల్లవాడి పొడవు, బరువు, తల్లిదండ్రుల సగటు పొడవు తీసుకుంటుంది. 1994లో ప్రకటించిన ఆ సూత్రానికి ఆధారం ఒహాయో రాష్ట్రపు తెల్లజాతి కుటుంబాల కొలతలు. తెలుగు పిల్లవాడి విషయంలో అది చెప్పే అంకెను దశాంశ స్థానం దాకా నమ్మనక్కరలేదు.

పిల్లవాడి నేటి బలాన్ని కాసేపు పనికిరాకుండా చేసి, లేని నేర్పును పైకి తేవాలన్న ఆలోచన హైదరాబాదుకు కొత్త కాదు. బడిపంతులుగా జీవితం ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణపతకాలు తెచ్చిన భారత జట్లకు ఆయనే శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. బంతిని తన వద్దే ఉంచుకుని ఎదుటివారిని తప్పించుకుపోవడాన్ని నిషేధించిన పోటీలు, వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు ఆయన నడిపారు. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో ఆడినంతసేపూ అందరితోపాటు మొదటి పాఠం నేర్చుకోవలసినవాడే. ఎముకల వయసు కొలిచే సాధనాలు ఏవీ ఆయన వద్ద లేవు.

అమెరికాలో మంచి ఆరంభాలు లేకపోలేదు. 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో పుట్టిన ఎ.వై.ఎస్.ఓ. సంస్థ ప్రతి పిల్లవాడూ ప్రతి ఆటలో కనీసం సగంసేపు ఆడాలన్న నియమం పెట్టుకుంది. ఎనిమిదేళ్ళలోపు వారికి గోల్‌కీపరు లేకుండా నలుగురేసి, పదేళ్ళలోపు వారికి ఏడుగురేసి, పన్నెండేళ్ళలోపు వారికి తొమ్మండుగురేసి ఆడాలన్న జాతీయ నిబంధనా ఉంది. మనుషులు తగ్గితే ప్రతి పిల్లవాడికీ బంతి ఎక్కువసార్లు తగులుతుంది. దూరం తన్నగల బలానికి విలువ తగ్గుతుంది. చిక్కంతా ఏడాదికి వేల డాలర్లు పుచ్చుకునే పోటీ క్లబ్బులతో. డబ్బు కట్టిన తల్లిదండ్రులు వారాంతపు పోటీలలో కప్పులు కోరతారు. కప్పులు గెలవడానికి దగ్గరి దారి ముందుగా ఎదిగిన పిల్లలను ఏరుకోవడం. తప్పు కోచ్‌లది మాత్రమే అనడం న్యాయం కాదు. ఆ మడతకుర్చీలలో కూర్చున్నవారికీ అందులో వాటా ఉంది. రుసుము కట్టేముందు వారు అడగవలసినవి ఎక్కువ లేవు. నిరుడు రెండవ జట్టు నుండి మొదటి జట్టుకు ఎందరు మారారు? రెండవ జట్టుకు శిక్షణ ఇచ్చేది ఎవరు, వారానికి ఎన్ని రోజులు? మొదటి జట్టు పిల్లల పుట్టిన నెలలు ఏమిటి? మూడవ ప్రశ్నకు చాలా క్లబ్బులు తడుముకుంటాయి.

ఇప్పుడు గీత మళ్ళీ కదులుతున్నది. పూర్వం ఆగస్టు 1గా ఉన్న గీతను అమెరికా సాకర్ సమాఖ్య 2017 నాటికి జనవరి 1కి మార్పించింది. పిల్లలు బడిలోని తమ తరగతివారితో కలిసి ఆడాలన్న ఉద్దేశంతో 2026-27 ఆటల సంవత్సరం నుండి మళ్ళీ ఆగస్టు 1కి వెళ్తున్నట్లు యు.ఎస్. యూత్ సాకర్, యు.ఎస్. క్లబ్ సాకర్, ఎ.వై.ఎస్.ఓ. 2025లో ప్రకటించాయి. 2015 డిసెంబరులో పుట్టి, ఇన్నాళ్ళూ జట్టులో అందరికంటె చిన్నవాడుగా వెనుకబడిన పిల్లవాడు ఈ మార్పుతో 2016 జూలై వరకు పుట్టినవారితో కలుస్తాడు. వారిలో ఎక్కువమందికి అతడే అన్న. అతడి కాళ్ళలో మార్పేమీ ఉండదు. ఇకమీదట ట్రయౌట్లలో అందరి వెనుక పరుగెత్తేది జూలై చివరివారంలో పుట్టిన పిల్లవాడు. ఎలాగూ క్లబ్బు వద్ద ప్రతి పిల్లవాడి పుట్టినతేదీ ఉంటుంది కాబట్టి, చొక్కా నంబర్లను ఆ వరుసలో వేయడానికి ఒక సాయంకాలం చాలు.