తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి – మూడు ఉదయాల నడక

తిరుమలకు నడిచిపోవడం చెన్నపట్నపు తెలుగువారికి కొత్త సంగతి కాదు. పొగబండి రాక పూర్వం కలిగినవారు పల్లకీలోను, ఓ మోస్తరువారు ఎడ్లబండిలోను, తక్కినవారంతా కాళ్ళమీదను పోయినవారే. మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, తిరుపతి మీదుగా సాగి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆయనది పల్లకీ, బోయీలు ఉన్న ప్రయాణం. అయినా ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే మజిలీ మజిలీకీ కనబడే విచారణ ఒకటే: దిగడానికి చోటున్నదా, మంచినీళ్ళున్నవా, అంగళ్ళలో సరుకు దొరుకుతుందా. రెండువందల ఏళ్ళు కావస్తున్నది. మన సంఘం ఈ వసంతంలో తలపెట్టిన నడకకు మేము విచారించవలసి వచ్చినవీ ఆ మూడే.

చెన్నపట్నం నుంచి తిరుమల దాకా నడకను నాలుగు భాగాలు చేసుకున్నామని పాఠకులు ఎరుగుదురు. మొదటిది తిరువళ్ళూరు దాకా. అది పుష్యమాసపు చలిలో సుఖంగా జరిగిపోయింది. రెండవది తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి, సుమారు 42 కిలోమీటర్లు, పాత లెక్కలో 26 మైళ్ళు. మూడవది నగరి మీదుగా పుత్తూరు. నాలుగవది తిరుచానూరు అమ్మవారిని సేవించి, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి స్వామి సన్నిధి. ఇప్పుడు చెప్పబోయేది రెండవ భాగపు ఏర్పాటు గురించి.

తునకలుగా నడిస్తే మొక్కు తీరునా?

సమావేశంలో మొదట లేచిన ప్రశ్న దారి గురించి కాదు. పాతికేళ్ళ కిందట మొక్కుకుని, సంసారం తెమలక ఇప్పటికి కదిలిన ఒక పెద్దావిడ మనతో మొదటి భాగం నడిచారు. వయస్సు డెబ్బై దాటింది. ఆవిడ అడిగారు: "నాయనా, మధ్యలో రైలెక్కి ఇంటికి వచ్చి, వండుకు తిని, మళ్ళీ రెండు నెలలకు పోయి నడిస్తే స్వామి దాన్ని నడక అంటాడా?" వెంటనే జవాబు చెప్పినవారు లేరు. కుర్రవాళ్ళు మాత్రం ఒక ఉపాయం చెప్పారు. రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి 42 కిలోమీటర్లూ నడిచేస్తే ఈ తునకలైనా తగ్గుతాయి గదా అని. అలా చేస్తే తగ్గేవి తునకలు కావు, మనుషులు. ఆ నడక పదిమందికి చాలుతుంది. తక్కినవారు ఇంట్లో కూర్చోవలసినదే.

అందుచేత ఇతరచోట్ల ఏమి చేస్తున్నారో విచారించాము. నర్మదానది చుట్టూ చేసే పరిక్రమకు సంప్రదాయంలో మూడేళ్ళ మూడు నెలల పదమూడు దినాలు చెబుతారు. అంత కాలం ఇల్లు విడువలేనివారు ఖండ పరిక్రమ అని భాగాలుగా చేస్తారు. ఆషాఢంలో ఆళంది నుంచి పండరీపురానికి జ్ఞానేశ్వరుల పల్లకీ వెంట సుమారు మూడు వారాలు నడిచే వార్కరీలలో, వీలైనన్ని దినాలే కలిసి నడిచేవారూ ఉంటారు. జపానులో షికోకు ద్వీపం చుట్టూ 88 ఆలయాల యాత్ర దాదాపు 1,200 కిలోమీటర్లు. దానిని విడతలుగా చేయడానికి 'కుగిరి ఉచి' అని వారి భాషలో పేరే ఉన్నది. స్పెయిన్ దేశంలో సాంటియాగో యాత్రకు ఏటా ఒక వారం చొప్పున నడిచి ముగించే క్రైస్తవ సోదరులు ఎందరో. ఇంటి బాధ్యత ఉన్నవారికి దేవుడి దారి మూసివేయకూడదని ఏ దేశంవారైనా అనుకున్నారన్నమాట.

మన పురోహితులవారు ఒక్క మాటలో తేల్చారు. "మొక్కుకున్నప్పుడు ఏ మాట అన్నారో అదే మొక్కు. ఒక్క గుక్కలో నడుస్తానని అన్నారా?" పెద్దావిడ ఆలోచించి, నడిచి వస్తానని మాత్రమే అన్నానన్నారు. అయితే తనవైపు నుంచి ఒక నిబంధన పెట్టారు. ఆపినచోటనే మొదలుపెట్టాలి, ఒక్క అడుగు కూడా ఎగరగొట్టకూడదు. సంఘం దీనిని ఒప్పుకున్నది. కనుక నడక ఆరంభం తిరువళ్ళూరు రైల్వేస్టేషను కాదు, పోయినసారి ఆగిన వీరరాఘవస్వామి కోనేటి మెట్లు. స్టేషను నుంచి అక్కడికి ఆటోలో పోయి, ఆ మెట్టు మీద సంకల్పం చెప్పుకుని కదులుతాము.

ఎప్పుడు?

పంచాంగం ప్రకారం వసంతం చైత్రంతో మొదలు. కాని మన దారిలో ఎండ పంచాంగం చూసుకుని రాదు. వేసవిలో తమిళనాడు మొత్తానికి ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్ళలో తిరుత్తణి పేరు తరచుగా కనబడుతుంది. ఏప్రిల్ నడిమికి తారురోడ్డు పొద్దున పదిగంటలకే పెనమవుతుంది. అందుచేత మార్చిలో వచ్చే పౌర్ణమి దాటిన మరునాడు బయలుదేరడమని నిర్ణయించాము. దీనిలో ఒక సౌకర్యమున్నది. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పడమటి దిక్కు. పౌర్ణమి తరవాతి దినాలలో తెల్లవారుజామున చంద్రుడు పడమట ఉంటాడు. అంటే నాలుగు గంటలకు కదిలినవారికి వెలుగు ఎదుటినుంచే పడుతుంది. సూర్యుడు వీపు వెనుక లేస్తాడు. కళ్ళలో ఎండ పడదు.

ఇక అడ్డంకులు రెండు. మార్చిలో పిల్లలకు పెద్ద పరీక్షలు, కాబట్టి పదవ తరగతి, పన్నెండవ తరగతి పిల్లలున్న ఇళ్ళవారు రాలేరు, దారిలోని బడులలో బస అడగడానికీ వీలులేదు. రెండవది ముహూర్తాలు. పెళ్ళి ముహూర్తమున్న నాడు కల్యాణమండపం దొరకడం కల్ల. తేదీ పెట్టేముందు తెలుగు పంచాంగం, తమిళ పంచాంగం రెండూ పక్కపక్కన పెట్టుకుని, ముహూర్తం లేని మూడు దినాలు వెతకవలసి వచ్చింది.

ఎక్కడ పడుకోవడం?

తిరువళ్ళూరు స్థలపురాణం ఎరిగినవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. శాలిహోత్ర మహర్షి ఉపవాసముండి, చివరికి తనకని ఉంచుకున్న పిండిని ముసలి బ్రాహ్మణుడి రూపంలో వచ్చిన స్వామికి పెట్టాడట. తిని, అలసట తీరడానికి పడుకునేచోటు ఏదని స్వామి తమిళంలో అడిగిన మాట 'ఎవ్వుళ్'. ఆ మాటే తిరుఎవ్వుళూరై, తిరువళ్ళూరైంది. అక్కడ స్వామి శయనించి, మహర్షి తలపై చేయి ఉంచి దర్శనమిస్తాడు. రోగాలు బాపే వైద్య వీరరాఘవుడని ప్రసిద్ధి. హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం కరిగించి మొక్కు చెల్లిస్తారు. అమావాస్యకు అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. దేవుడంతటివాడే బస అడిగినప్పుడు మనం ముందుగా అడిగి ఉంచుకోవడంలో చిన్నతనం లేదు.

మనవారి నడక గంటకు మూడు కిలోమీటర్లు. పెద్దావిడ నడకే సంఘపు నడక అని మొదటి భాగంలోనే తీర్మానమైంది. ఆ లెక్కన 42 కిలోమీటర్లకు పధ్నాలుగు గంటలు. దీనిని మూడు ఉదయాలకు పంచాము. నాలుగింటికి బయలుదేరి, మధ్య రెండుసార్లు కూర్చుని లేచి, తొమ్మిదిన్నర లోపల బస చేరాలి. సాయంకాలపు నడక పెట్టుకోలేదు. తారు చల్లారేసరికి చీకటి పడుతుంది, చీకటితో లారీలు పెరుగుతాయి.

మొదటి ఉదయం పట్టరైపెరుంబుదూరు మీదుగా పాండూరు దాటి రామంజేరి చాయలకు. రెండవ ఉదయం కనకమ్మసత్రం. మూడవ ఉదయం తిరుత్తణి. కనకమ్మసత్రం పేరు వినగానే పెద్దావిడ ముఖం విప్పారింది. "సత్రమున్నదన్నమాట!" అన్నారు. సత్రమున్న రోజులలో ఊరికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడది అంగళ్ళు, బస్సులు ఉన్న ఊరు. నడిచేవాడు ఎంత దూరానికి అలసిపోతాడో మన పూర్వులకు తెలుసును. రహదారి వెడల్పయినకొద్దీ నీడ తగ్గింది, బస్సు వచ్చాక సత్రాలతో పని తగ్గింది. పేరు మాత్రం నిలిచింది. రెండుచోట్లా చాపలు పరుచుకునేపాటి చోటు, వంటకు వీలు మాట్లాడి ఉంచాము.

దారిలో చూడదగినవి

మొదటినాడు కుడిచేతి వైపున, దారికి ఉత్తరంగా, పూండి జలాశయం ఉన్నది. కొసస్థలి నదికి అడ్డంగా 1944లో కట్టినది, సత్యమూర్తిసాగరమని పేరు. తెలుగుగంగ కాలువ వెంట కండలేరు నుంచి వచ్చే కృష్ణానీరు చేరేది ఇక్కడికే. 1996లో మొదటిసారి ఆ నీరు తమిళనాడు ఎల్ల చేరింది. చెన్నపట్నంలో మనం తాగే నీటిలో కొంత మన కృష్ణమ్మదే అని పిల్లలకు చూపించి చెప్పవచ్చును.

కనకమ్మసత్రానికి దక్షిణంగా తిరువాలంగాడు. నటరాజస్వామి అయిదు సభలలో రత్నసభ అదే. కారైక్కాల్ అమ్మయారు చేతులమీద నడిచి చేరిన స్థలమని చెబుతారు. ఓపిక ఉన్నవారు రెండవనాటి మధ్యాహ్నం విశ్రాంతి తరవాత వ్యానులో పోయి రావచ్చును. ఇది మొక్కులో చేరదు.

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్‌గారి సిఫారసు మీద 1959లో చేసిన చట్టంతో మదరాసు రాష్ట్రానికి వచ్చింది. బదులుగా సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు పోయాయి. ఆ రోజులలో రెండు పక్షాలా కోపతాపాలు చాలానే నడిచాయి. నేడు ఆ అంగళ్ళలో తెలుగులో అడిగితే తెలుగులో, తమిళంలో అడిగితే తమిళంలో జవాబు వస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5న పుట్టినది ఈ తిరుత్తణిలోనే.

జాగ్రత్తలు

దారిలో కాలిబాట లేనిచోట కుడిపక్కన, ఎదురువచ్చే బండ్లు కనబడేటట్లు, ఒకరివెనుక ఒకరుగా నడవాలి. వెలుగుపడితే మెరిసే పట్టీ ప్రతివారి ముందూ వెనుకా ఉండాలి. ముందు ఒకరు, చివర ఒకరు లాంతరుతో. చివరివాడు పెద్దావిడకన్నా ముందుకు పోరాదు.

చెప్పులు లేని నడక మొక్కుకున్నవారు కొందరున్నారు. మధుమేహమున్నవారు మాత్రం చెప్పులు విడవకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. వారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది. అటువంటివారు కోవెల ముందర చెప్పులు విడిస్తే చాలును.

నీళ్ళ సంగతి చెప్పేముందు మరొక సంగతి చెప్పాలి. మరుగు లేదనే భయంతో ఆడవారు దారిలో నీళ్ళు తాగడం మానేస్తారు. వడదెబ్బ మొదలయ్యేది అక్కడ. అందుచేత మరుగుదొడ్లున్న పెట్రోలు బంకులు ఏ దూరానికి ఏవి ఉన్నవో ముందుగా చూసి, మన కూర్చునే చోట్లు వాటి దగ్గరనే పెట్టాము. ఉప్పు వేసిన మజ్జిగ కుండ వ్యానులో ఉంటుంది. నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి ఇవ్వాలి. వ్యాను ఎక్కినవారిని ఎవరూ ఎగతాళి చేయరాదు. వదిలిన దూరాన్ని మరొకనాడు నడిచి పూర్తిచేసుకునే అవకాశం వారికి ఉన్నది.

తిరుత్తణిలో

సూరపద్ముడితో యుద్ధమయ్యాక సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారిన స్థలమిది. అందుకే తక్కిన మురుగన్ క్షేత్రాలలో జరిగే శూరసంహారం ఇక్కడ జరగదు. స్వామి ఆరు పడైవీడులలో ఒకటి. ముత్తుస్వామి దీక్షితులవారికి ఇక్కడే స్వామి ముసలివాడి రూపంలో నోట కలకండ పెట్టగా మొదటి కృతి వెలువడిందని సంగీతజ్ఞులు చెబుతారు. కొండకు 365 మెట్లు, ఏడాది దినాలకు సరి. మూడవనాడు తొమ్మిదిన్నరకు కొండకింద చేరి, స్నానం, భోజనం, నిద్ర అయ్యాక సాయంకాలం నాలుగున్నరకు ఎక్కుతాము. పెద్దావిడకు ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క దినం తలచుకోవాలని ఉన్నదట. కాబట్టి తొందరపెట్టేవారు ముందుగా ఎక్కి పైన కూర్చోవలెను. రాత్రి చెన్నపట్నానికి లోకల్ రైలున్నది.

మూడవ భాగం మళ్ళీ ఆ కొండకింది మెట్టునుంచే మొదలవుతుంది. అది తొలకరి తరవాత.

ముప్పైమందికి మించితే బసలు చాలవు. రాదలచినవారు వయస్సు, వాడుతున్న మందులు, మొక్కు ఉన్నదీ లేనిదీ రాసి, ఈ నెలాఖరు లోపల సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వగోరుతున్నాము. నడవలేనివారు దిగులు పడనక్కరలేదు. వండడానికి నలుగురు, వ్యాను వెంట ఇద్దరు, తిరుత్తణి స్టేషనులో సామాను చూసుకోవడానికి ఒకరు ఇంకా కావలసి ఉన్నది.