అర్థం మీద చెయ్యి మూసి చదవండి

ఏమర్రా పిల్లలూ! ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. గంజాం జిల్లా అంకులిలో పెరిగే మీకు భాషలకేం కొదవ? అయినా రాత్రి బట్టీపట్టిన ఇంగ్లీషు మాటలు తెల్లారేసరికి ఎగిరిపోతున్నాయని మీ గోల. లోపం మీ బుర్రలో లేదు, చదివే తీరులో ఉంది.

'బారో' అనే మాట తీసుకుందాం. నోటుపుస్తకంలో దాని ఎదురుగా 'అప్పు తీసుకొను' అని రాసుకుంటారు. 'లెండ్' ఎదురుగా 'అప్పు ఇచ్చు' అని. పరీక్షలో రెండూ తారుమారు! ఎందుకంటే తలలో నిలిచింది 'అప్పు' ఒక్కటే. ఇప్పుడు ఈ వాక్యాలు చూడండి: 'ఐ బారోడ్ ఎ పెన్ ఫ్రమ్ రవి', 'రవి లెంట్ మి ఎ పెన్'. పెన్ను ఒకటే, చేతులు మారిందీ ఒక్కసారే. మొదటి వాక్యం పుచ్చుకున్నవాడిది, రెండోది ఇచ్చినవాడిది. పైగా మొదటిదాంట్లో రవి పేరుకి ముందు 'ఫ్రమ్' ఉంది, రెండోదాంట్లో దాని అవసరమే లేదు. వట్టి అర్థం బట్టీపడితే ఇదంతా ఎక్కడ తెలుస్తుంది?

అలాగని అర్థాన్ని తీసిపారేయకండి. తేలికగా అర్థం చెప్పడం పెద్ద విద్య. తెలియని మాటను మరో తెలియని మాటతో వివరిస్తే పిల్లాడికి ఒరిగేదేమిటి? ఢాకాలో చాలాకాలం పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన, ఎండికాట్ అనే మరొకాయనతో కలిసి 1935లో ఒక నిఘంటువు తెచ్చాడు. అందులో దాదాపు 24,000 మాటల్నీ పలుకుబడుల్నీ వివరించడానికి వాడినవి 1,490 మాటలే! 1942లో టోక్యోలో హార్న్‌బీ అనే మరో ఇంగ్లీషాయన బృందం తెచ్చిన నిఘంటువు, ఏ మాట వాక్యంలో ఎలా ఒదుగుతుందో చూపించింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ వారు అచ్చువేసి లోకమంతా పంచింది దాన్నే.

మన దగ్గరా ఇలాంటి పెద్దాయన ఒకరు ఉండేవారు. అప్పట్లో పర్లాకిమిడి మన గంజాం జిల్లాలోదే. అక్కడి రాజావారి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, తెలుగు తెలిసిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని, అతనితో మాట్లాడుతూ సవర భాష నేర్చారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆయన పేరుతో వచ్చాయి. జనం నోట వినే మాటల్నే ఆయన పుస్తకంలోకి ఎక్కించారు.

ఇక జ్ఞాపకం సంగతి. 2008లో కార్పికీ, రోడిగర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. ఒకసారి సరిగ్గా చెప్పేశాక, కొందరు ఆ మాటల్ని మళ్లీ మళ్లీ చదివారేగాని అప్పజెప్పలేదు. కొందరు మళ్లీ మళ్లీ అప్పజెప్పారు. వారం తర్వాత అడిగితే అప్పజెప్పినవాళ్లకు నూటికి 80 దాకా గుర్తున్నాయి. వట్టినే చదివినవాళ్లకు మూడో వంతు కాస్త అటూ ఇటూ! గట్టు మీద కూర్చుని చూస్తే ఈత రానట్టే ఇదీను. మాటను లోపలినుంచి వెతికి పైకి తెచ్చే శ్రమే దాన్ని గట్టిపరుస్తుంది.

ఎప్పుడు అప్పజెప్పాలి? నేర్చిన కొత్తలో మరుపు జోరుగా ఉంటుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. ఈ సంగతి ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే రాశాడు. అందుకని మర్నాడు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరోసారి.

కాబట్టి పిల్లలూ, రోజుకు అయిదు మాటలు చాలు. మాట, తేలికైన అర్థం, పుస్తకంలోని వాక్యం రాసుకోండి. దాని కింద మీదైన వాక్యం ఒకటి ఉండాలి. 'ద గోపాల్‌పూర్ బస్ వాజ్ క్రౌడెడ్' అని రాస్తే, ఆ బస్సులో నలిగినవాడు 'క్రౌడెడ్'ను మరిచిపోతాడా? ఆపైన అర్థం మీద చెయ్యి మూసి అమ్మకో, చెల్లికో అప్పజెప్పండి. తప్పు పోతే పోనివ్వండి. సరైనది చూసుకుని, మర్నాడు మళ్లీ చెప్పండి.